తాళం తీసినా ఆగని శవవాహనం

డ్రమ్‌కీల్ ఊళ్లో ఏ ఇంజను ఎందుకు నడవట్లేదో, ఎందుకు ఆగట్లేదో వినగానే చెప్పగల మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ, మెకానిక్కు మాటీ గిలూలీ, మంగళవారం పోయాడు. బుధవారం మధ్యాహ్నం జార్లత్ మొరహన్ గారి శవవాహనం ఆగడం మానేసింది. దానికి అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో గానీ, రోగం చెప్పేవాడు పోయేదాకా ఓపిగ్గా కాచుక్కూర్చుంది.

జార్లత్ గారింట్లో ముందు గదిలో బీరు పోస్తారు, వెనక షెడ్డులో శవపేటికలు అమ్ముతారు. ఐర్లండ్‌లో ఈ లీట్రిమ్ వైపు ఇందులో వింతేమీ లేదు. బతికున్నన్నాళ్లూ ముందు తలుపులోంచి వచ్చినవాడే చివరికి వెనక తలుపు దగ్గరికి చేరతాడు, బేరం ఎక్కడికీ పోదు. పెళ్లీ పెటాకులూ లేవు, అక్క అసంప్టా బారు చూసుకుంటుంది, తమ్ముడు శవాల సంగతి చూసుకుంటాడు. ఆ శవవాహనం వాళ్ల నాన్న కొన్నది. జర్మనీలో పుట్టిన పాత డీజిల్ కారు, వెనక్కి సాగదీసి, అద్దాలు బిగించి, నల్లరంగు వేసి తయారుచేసింది. నాన్నని కూడా అందులోనే సాగనంపారు. ఇంకా వందమందిని మోస్తుంది అని జార్లత్ గొప్పగా చెప్పుకునేవాడు. ఈ మధ్య పక్క టౌనులో కెరిగన్ అనేవాడు కరెంటుతో నడిచే కొత్త శవవాహనం తెచ్చాడు. అది పక్కనుంచి పోయినా పిల్లి నడిచినట్టు కూడా వినిపించదట. ఆ మాట చెవిన పడినప్పటినుంచి జార్లత్‌కి కంటిమీద కునుకు లేదు.

బుధవారం పొద్దున్న మాటీని ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చి, హాల్లో దించి, కొవ్వొత్తులు సర్దాక, మాటీ భార్య ఫిలోమినా జార్లత్‌ని వంటింట్లో కూర్చోబెట్టి టీ పోసింది, హామ్ సాండ్‌విచ్ పళ్లెం ముందుకు తోసింది.

"ఒక్కటే అడుగుతా జార్లత్, కాదనకు," అంది. "ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా. 'ఫిలో, జన్మంతా మన గుమ్మంలో ఇంజన్ల మోతే విన్నా. పోయేటప్పుడు అక్కడ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండనివ్వమను' అన్నాడు. పూలు వద్దు, పాటలు వద్దు. ఆ ఒక్క నిమిషం నాకు కావాలి. మిగతాదంతా నువ్వు ఎలా తగలేసినా నేనేమీ అనను."

చర్చి నుంచి శ్మశానానికి వెళ్లే దారిలో, పోయినవాళ్ల ఇంటిముందు బండి ఆపి, ఇంజను కట్టేసి, అందరూ ఒక నిమిషం నిలబడటం ఇక్కడ ప్రతివాళ్లకీ చేసే మర్యాదే. మాటీ ఇల్లూ గ్యారేజీ ఒకటే గోడ. ఇందులో అడగడానికేముంది అనుకున్నాడు జార్లత్. నోట్లో సాండ్‌విచ్ ఉండగానే మాటిచ్చేశాడు.

"వదినా, ఇది కూడా ఒక కోరికేనా. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం ఇస్తా, చూస్తూ ఉండు."

ఇంటికొచ్చి, వెనక పెరట్లో బండి పెట్టి, తాళం తిప్పి చేతిలోకి తీసుకున్నాడు. లైట్లు ఆరాయి. రేడియో ఆగింది. ఇంజను మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు డగడగా తిరుగుతూనే ఉంది. జార్లత్ తాళం మళ్లీ పెట్టి మళ్లీ తీశాడు. మర్యాదగా తీశాడు, కోపంగా తీశాడు, మరియమాతని తలుచుకుని తీశాడు. ఏ పద్ధతీ దానికి నచ్చలేదు.

అసంప్టా వెనక తలుపులోంచి తల బయటపెట్టింది.

"ఆపరా దాన్ని. లోపల టీవీలో గుర్రప్పందేలు వినపడట్లేదని గోల పెడుతున్నారు."

"ఆపానక్కా."

"ఆపితే ఆ మోత నీ కడుపులోంచి వస్తోందా?"

జార్లత్ తాళం పైకెత్తి చూపించాడు. అసంప్టా తాళం వంకా, బండి వంకా, తమ్ముడి వంకా చూసి, మూడింట్లోకీ దేన్ని ముందు తిట్టాలో తేల్చుకోలేక బయటికొచ్చింది. ఆమె వెనకే పాకీ డీగ్నన్ గ్లాసుతో సహా వచ్చాడు. పాకీ పాలలారీ నడిపి రిటైరైనవాడు. ఇంజన్ల గురించి పాకీకి తెలియంది లేదు, తెలిసిందీ లేదు.

"అయ్యో, ఇది ఆ రోగమే," అన్నాడు పాకీ, ఇంకా బండి దగ్గరికి రాకుండానే. "డీజిల్ ఇంజను ఒక్కోసారి సొంత ఆయిల్ తాగడం మరుగుతుంది. ఇక దాన్ని దేవుడు కూడా ఆపలేడు. రేగి రేగి పేలిపోద్ది. దూరం జరగండి."

చెప్పినవాడే అందరికంటే ఎక్కువ దూరం జరిగాడు. గ్లాసులోది ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు.

"రేగిపోయే ఇంజను ఇలాగా ఉండేది? భోజనం చేసి గుర్రుపెడుతున్నట్టు నిమ్మళంగా తిరుగుతోంది," అంది అసంప్టా.

"అయితే తాళం పోయుంటది."

"తాళం పోతే లైట్లెందుకు ఆరాయి? తాళం తన పని తను చేసింది పాకీ. చెయ్యనిది నువ్వూ నా తమ్ముడూను."

పాకీ నీళ్లు నమిలాడు, బీరు నమిలాడు. జార్లత్‌కి ఇక తప్పలేదు. బానెట్ ఎత్తి, డీజిల్ పంపు మీదున్న ఎర్ర మీట నొక్కిపట్టాడు. ఇంజను ఒళ్లంతా ఒకసారి వణికి ఆగింది.

"హమ్మయ్య, తేలిపోయింది," అన్నాడు పాకీ. "శుక్రవారం మాటీని సాగనంపేటప్పుడు కూడా అలాగే నొక్కెయ్యి."

జార్లత్ మొహం మాడిపోయింది. "వెనక మాటీని పెట్టుకుని, మాటీ గ్యారేజీ ముందు, ఊరంతా చూస్తుంటే, నల్లకోటూ టోపీతో నేను బానెట్ ఎత్తాలా? కెరిగన్ కూడా వస్తాడు తెలుసా. రేపటినుంచి ఇక్కడ చచ్చేవాళ్లందరూ వాడి దగ్గరికే పోతారు."

"అది నిజమే," అంది అసంప్టా. తమ్ముడి మాట ఒప్పుకోవడం ఆమెకి పంటినొప్పితో సమానం.

ఇక ముగ్గురూ కలిసి రోగం వెతకడానికి కూర్చున్నారు. పెట్రోలు బండి అయితే ఈ బాధే లేదు. నిప్పురవ్వ లేకపోతే పెట్రోలు మండదు, తాళం తిప్పి కరెంటు కోస్తే చస్తుంది. డీజిల్‌కి రవ్వతో పనిలేదు. నూనె అందినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి నూనె కట్టెయ్యాలి. ఈ పాత బండిలో ఆ కట్టే పని కరెంటు చెయ్యదు, గాలి చేస్తుంది. ఇంజను పక్కన గాలి పీల్చే చిన్న పంపు ఒకటుంది. తాళం తీయగానే ఆ పీల్పు సన్నటి గొట్టం గుండా వెళ్లి, డీజిల్ పంపు మీదున్న డబ్బాలాంటి దాన్ని లాగుతుంది, నూనె ఆగుతుంది. ఆ పీల్పే ఇంకో కొమ్మగా చీలి తలుపుల తాళాలు కూడా వేస్తుంది. జర్మనీ ఇంజనీర్లు ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు. ఒకే గాలిని పదిచోట్ల నమ్ముకున్నారు పాపం.

మళ్లీ ఇంజను స్టార్ట్ చేసి, తాళం తీసేసి, డబ్బాకి వచ్చే గొట్టం ఊడబీకారు. ఆ డబ్బాని ఎవరైనా నోటితో పీల్చి చూడాలి. పాకీకి ఆ క్షణంలోనే పన్ను నొప్పి గుర్తొచ్చింది. అసంప్టా ఆ మాట చెవిన పడనట్టు అటు తిరిగింది. జార్లత్ ఇంకో గొట్టం ముక్క తగిలించి, నల్ల టై భుజం మీదికి వేసుకుని, చెంపలు లోపలికి పోయేలా పీల్చాడు. ఇంజను ఆగింది.

"చూశావా, డబ్బా శుభ్రంగా ఉంది," అన్నాడు పెదాలు తుడుచుకుంటూ.

"మరింకేం," అంది అసంప్టా. "శుక్రవారం అలా పీలుస్తూ కూర్చో. ఫాదర్‌ని పక్కన పాడమందాం."

డబ్బా బాగుంది, తాళం బాగుంది. అంటే గాలి మధ్యలో ఎక్కడో కారిపోతోంది. మళ్లీ ఇంజను వేశారు. ఊడిన గొట్టం కొసకి వేలు అడ్డం పెడితే, చంటిపిల్ల నిద్రలోకి జారుతూ పాలు తాగినట్టు నీరసంగా పీలుస్తోంది. పాకీ ఒక్కో కొమ్మనీ కటింగ్ ప్లేయర్‌తో నొక్కుతూ పోయాడు. తలుపులకి వెళ్లే కొమ్మ నొక్కగానే గొట్టం వేలిని పట్టుకుని లాగింది. దొంగ తలుపుల్లో ఉన్నాడన్నమాట. ముందు తలుపులకి చెవి ఆన్చి విన్నారు, ఏమీ లేదు. వెనక పెద్ద తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల్నుంచి సన్నగా ఈల వినిపించింది. ఈల వస్తున్నచోట, తలుపు లోపలి రేకు మీద, తళతళలాడే స్టీలు కడ్డీ ఒకటి బిగించి ఉంది.

అసంప్టా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఈ కడ్డీ ఎప్పుడు పెట్టావురా?"

"మొన్నామధ్య. పూలచక్రాలు తగిలించడానికి."

"ఉన్నట్టుండి ఇదెందుకు?"

"కెరిగన్ బండికి ఉంది కదా అని," అన్నాడు జార్లత్ నేలచూపులు చూస్తూ.

కడ్డీకి కొట్టిన స్క్రూల్లో ఒకటి తిన్నగా గొట్టంలోకి దిగింది, ఇన్నాళ్లూ తన కన్నం తనే మూసి ఉంచి ఇప్పుడు వదులైంది. పాకీ దాన్ని విప్పి, బొటనవేలంత పొడుగు స్క్రూని ఎండకి పెట్టి చూపించాడు. శవపేటిక మూతకి వాడే స్క్రూ అది. ఇంట్లో ఉన్నవి అవేగా మరి.

"ఇంకేం ఆలోచించకు," అన్నాడు పాకీ. జేబులోంచి గోల్ఫ్ బంతి కింద గుచ్చే చిన్న చెక్కమేకు తీశాడు. గోల్ఫ్ ఎప్పుడూ ఆడనివాడి జేబులోకి అదెలా వచ్చిందో ఎవరూ అడగలేదు. "తలుపుల కొమ్మని దీంతో బిరడా కొట్టేద్దాం. గాలి కారదు, తాళం తీస్తే ఇంజను చచ్చినట్టు ఆగుద్ది. వెనక తలుపుకి చేత్తో తాళం వేసుకో, అంతే."

"చేత్తోనా," అన్నాడు జార్లత్. "చర్చి ముందు నిలబడి, జేబులు తడుముకుంటూ, తాళం గుత్తి వెతుక్కుంటూనా? కెరిగన్ వేలితో ఒక్కటి నొక్కితే తలుపు తాళం దానంతట అదే పడుతుంది."

"పడితే పడనీరా. ఆ కడ్డీ పీకేసి పూలు పేటిక మీద పెట్టు," అంది అసంప్టా.

"కడ్డీ ఉంటుంది," అన్నాడు జార్లత్. గొట్టానికి టేపు చుట్టి, పొట్టి స్క్రూలతో కడ్డీని మళ్లీ బిగించాడు. తాళం తిప్పాడు, ఇంజను ఆగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ ఆగింది. సాయంత్రం దాకా స్టార్ట్ చేయడం, ఆపడం, అక్క వంక చూడటం. మొహం వెలిగిపోయింది. అసంప్టా బారులోకి వెళ్లిపోయింది. ఆమె ఏమీ అనకపోవడం ఎంత ప్రమాదమో పుట్టినప్పటినుంచీ చూస్తున్నా ఆ మహానుభావుడికి ఇంకా వంటబట్టలేదు.

పూలు వద్దని ఫిలోమినా మరణవార్తలోనే వేయించింది. డ్రమ్‌కీల్‌లో పూలు వద్దంటే, మిగతావాళ్లు తేకూడదని అర్థం. మనం మాత్రం తేవాలి. ప్రతి ఇల్లూ అలాగే అనుకోవడంతో శుక్రవారం చర్చి మెట్లమీద కాలు పెట్టడానికి చోటు లేకుండా పూలచక్రాలు పేరుకున్నాయి. స్పానర్ ఆకారంలో ఒకటి, ట్రాక్టర్ టైరు ఆకారంలో ఒకటి, బ్యాటరీ ఆకారంలో ఒకటి, దానిమీద కూడిక గుర్తూ తీసివేత గుర్తూ ఎర్ర పూలతోనూ నల్ల రిబ్బనుతోనూ. మాటీ బతికుండగా, వీటిని తెచ్చినవాళ్లలో సగంమంది చేయించుకున్న పనికి థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయినవాళ్లే. జార్లత్ ఆనందం పట్టలేకపోయాడు. ఒక్కటీ వదలకుండా, అన్నీ తన కడ్డీకే తగిలించాడు. కెరిగన్ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడని మరీ నెమ్మదిగా తగిలించాడు.

పూజ అయింది. పేటిక బండెక్కింది. అసంప్టా నల్లకోటు వేసుకుని ముందు నడుస్తోంది, వెనక జార్లత్ బండి పాకిస్తున్నాడు, ఆ వెనక ఫిలోమినా, ఆ వెనక ఊరంతా. మాటీ గ్యారేజీకి వెళ్లాలంటే చిన్న దిబ్బ ఎక్కి దిగాలి. దిబ్బ దిగేటప్పుడు వెనకనుంచి టక్కుమని చప్పుడైంది. జార్లత్ అద్దంలో చూశాడు. టైరు పూలచక్రం బరువుకి కడ్డీ ఒక పక్కకి వాలిపోయి ఉంది. దాని కిందనుంచి ఈల వస్తోంది.

పిడికెడు టేపు, ఊరిప్రేమ మొత్తం మొయ్యాలంటే ఎక్కడ మోస్తుంది.

గ్యారేజీ ముందు అసంప్టా ఆగి, ఇటు తిరిగి తల వంచింది. మగాళ్లు టోపీలు తీశారు. జార్లత్ దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పాడు.

డగ డగ డగ డగ.

తాళం చేతిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆటోమేటిక్ గేరు, గేరులో వేసి ఆపేద్దామన్నా ఆగేది కాదు. ఆ మోతలోనే నిమిషం గడిపేసి ముందుకు పోవచ్చు, చాలామంది పట్టించుకోరు కూడా. పల్లెటూరు, పాత బండి, ఇంతే అనుకుంటారు. కెరిగన్ ఒక్కడికే తెలుస్తుంది. అలా అనుకుని బ్రేకు మీద కాలు తీయబోతుంటే కిటికీ దగ్గర ఫిలోమినా నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"ఆపు జార్లత్."

"తాళం తీశాను వదినా."

"మరి?"

"ఆగట్లేదు."

ఫిలోమినా తిట్టలేదు, బతిమాలలేదు. ఇంత చిన్నది కూడా మా ఆయనకి దక్కదన్నమాట అన్నట్టు ఒకసారి గ్యారేజీ వంక చూసి, తల దించుకుంది. జార్లత్‌కి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఇన్నాళ్లూ కెరిగన్ ముందు పరువు పోతుందని ఏడ్చాడు గానీ, ఈ ఆడమనిషి ముందు అబద్ధాలకోరైపోవడం ముందర అదెంత.

బండి దిగాడు. పొడుగు టోపీ తీసి సీట్లో పడేశాడు. నల్లకోటు చేతులు పైకి తోసుకుని, ఊరంతా చూస్తుండగా, శవవాహనం బానెట్ ఎత్తాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ కావాలని చేసింది కాదు. ఈ దేశంలో ఎక్కడ బానెట్ లేచినా మగాళ్ల కాళ్లు వాటంతట అవే అటు నడుస్తాయి. పాకీ వచ్చాడు. పాల సొసైటీ వాళ్లొచ్చారు. పేటిక మోసినవాళ్లు వచ్చారు. చివరికి కెరిగన్ కూడా వచ్చి లోపలికి తొంగిచూశాడు. సలహాలు గొంతుదాకా వచ్చాయి, పాకీకైతే నోటిదాకా వచ్చింది, అసంప్టా ఒక్క చూపు చూసేసరికి మింగేశాడు. జార్లత్ వేళ్లు కాలుతున్నా లెక్కచెయ్యకుండా ఎర్ర మీట నొక్కిపట్టాడు.

ఇంజను ఆగింది.

ఆగగానే అందరి తలలూ ఒక్కసారిగా ఎడమవైపు తిరిగాయి. గ్యారేజీ పెద్ద తలుపుకి పక్కనున్న చిన్న తలుపు వైపు. ఇంజను మీద అరుస్తూ మాట్లాడటం మాటీకి గిట్టదు. ముందు ఆపు, తర్వాత వస్తా అనేవాడు. అందుకని ఈ ముంగిట్లోకి ఎవరు బండి తెచ్చినా, ఆపి, బానెట్ ఎత్తి, ఆ చిన్న తలుపు వంక చూస్తూ నిలబడటమే. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ మాటీ బయటికి వచ్చేవాడు.

ఊరు ఊరంతా ఆ తలుపు వంకే చూస్తోంది. అసంప్టా చూస్తోంది. పక్క టౌనునుంచి వచ్చిన కెరిగన్ కూడా చూస్తున్నాడు, చిన్నప్పుడు వాళ్ల నాన్న ట్రాక్టరు ఇక్కడికే తెచ్చేవాడు మరి. ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ దగ్గలేదు. ఫిలోమినా మాత్రం తలుపు వంక చూడలేదు. తన మొగుడు బయటికొస్తాడని ఎదురుచూస్తున్న ఆ మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూస్తూ నిలబడింది.

జార్లత్ మీట మీద చెయ్యి తీయలేదు. అలవాటుకొద్దీ అతని నోరు అప్పటికే తెరుచుకుని ఉంది, మాటీ, ఇది ఆగట్లేదయ్యా, కాస్త విని చెప్పు అనడానికి. తలుపు తెరుచుకోలేదు. వినేవాడు తన వెనకే, పూలకింద పడుకుని ఉన్నాడని అప్పుడు తెలిసొచ్చింది జార్లత్‌కి. అక్కడే, ఇంజను మీదికి వంగి, వెక్కి వెక్కి ఏడ్చాడు.